దేవగన్నేరు నాటడం నుంచి పూయించడం దాకా: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాతావరణానికి సరిపోయే పద్ధతి

దేవగన్నేరు (ప్లుమేరియా) ఎప్పుడు నాటాలని ఎవర్ని అడిగినా, ఎక్కడ వెతికినా, తొలకరి పడగానే జూన్‌లోనో జులైలోనో కొమ్మ గుచ్చమనే చెప్తారు. నైరుతి వానలు బాగా పడే ప్రాంతాలకి ఆ మాట సరిపోతుందేమో గానీ మనకి సరిపోదు. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యలోనే కురుస్తుంది. ఒంగోలు, సింగరాయకొండ, కొత్తపట్నం వైపు కూడా గట్టి వానంటే చిత్త, స్వాతి కార్తెల్లో పడేదే. జులైలో నాటిన కొమ్మ ఆగస్టు, సెప్టెంబరుల్లో నాలుగాకులు వేస్తుంది, చూసి సంతోషపడతాం, కానీ కింద వేళ్ళు ఇంకా పల్చగా ఉండగానే వాయుగుండం వచ్చి వారం పాటు మట్టిని ఆరనివ్వదు, మొదలు మెత్తబడి కొమ్మ ఒరిగిపోతుంది. "మా ఇంట్లో దేవగన్నేరు బతకదండీ" అనేవాళ్ళని ఏ నెలలో నాటారో అడిగి చూడండి, చాలామందికి సమస్య అక్కడే ఉంటుంది.

అందుకే నేను చెప్పే పద్ధతి అంతా మన క్యాలెండర్ మీదే నడుస్తుంది. ఫిబ్రవరిలో కొమ్మ కోయాలి, ఆరబెట్టి మార్చి మొదట్లో నాటాలి, ఎండాకాలం వేడిలో వేళ్ళు పట్టించాలి, అక్టోబరు వానలు వచ్చేసరికి మొక్క నిలదొక్కుకుని ఉండాలి. మార్కాపురం, గిద్దలూరు వైపు వాళ్ళకి నైరుతి వాన కూడా కాస్త చెప్పుకోదగ్గట్టే పడుతుంది కానీ వాళ్ళకీ ఈ లెక్కే నయం, ఎందుకంటే వేళ్ళు పట్టడానికి వేడి కావాలి, అది మార్చి నుంచి మే దాకా మన దగ్గర కావలసినంత దొరుకుతుంది.

చెట్టు స్వభావం

దేవగన్నేర్లది మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవులు, దక్షిణ అమెరికా ఉత్తర భాగం. అక్కడ రాళ్ళ గుట్టల మీద, నెలల తరబడి వాన లేని పొడి అడవుల్లో ఇవి పెరుగుతాయి. ఆ లావుపాటి మెత్తటి కొమ్మల్లో నీళ్ళు దాచుకుంటాయి, ఎండు కాలంలో ఆకులన్నీ రాల్చేసి ఆ నిల్వ మీద బతుకుతాయి. కనిగిరి, పొదిలి మెట్టల మీద ఎండకి పెద్ద చెట్టు చావడం అరుదు. దీన్ని చంపేది వేళ్ళ దగ్గర నిలిచిన నీళ్ళు, అందులోనూ ఆకు రాల్చి నిద్రపోతున్న డిసెంబరు, జనవరి నెలల్లో పోసే నీళ్ళు. ఆకుల్లేని చెట్టు నీళ్ళు తాగదు, మనం పోసింది పోసినట్టు మట్టిలోనే ఉండిపోతుంది.

చలికాలంలో మోడై నిలబడితే ఎండిపోయిందనుకుని కొట్టేసిన ఇళ్ళు కూడా ఉన్నాయి. బాధేస్తుంది. అనుమానమొస్తే కొమ్మ మీద గోటితో చిన్నగా గీకండి, లోపల పచ్చగా ఉండి పాలు ఊరితే చెట్టు నిక్షేపంగా ఉన్నట్టే.

ముందు ఏ రకం కావాలో తేల్చుకోండి

నర్సరీలో అన్నిటికీ ఒకటే పేరు చెప్తారు, ఆకు చూసి మనమే గుర్తుపట్టాలి.

ఆకు పొడుగ్గా, కొస సూదిగా ఉండి, చలికాలంలో పూర్తిగా రాలిపోయేది రుబ్రా జాతి. ఎరుపు, గులాబీ, పసుపు, తెలుపులో పసుపు మధ్య, రెండు మూడు రంగులు కలిసినవి, ఇలా రంగుల్లో వచ్చేవన్నీ ఎక్కువగా ఈ జాతివే, లేదా దీన్ని కలిపి పుట్టించినవే. పాత గుళ్ళ ఆవరణల్లో పెద్ద గొడుగులా పరుచుకుని ఉండే చెట్లలో చాలావరకు ఇదే. కొమ్మ తేలిగ్గా బతుకుతుంది, కొత్తవాళ్ళు దీంతోనే మొదలుపెట్టాలి.

ఆకు ముదురు పచ్చగా నిగనిగలాడుతూ, కొస గుండ్రంగా ఉంటే అది ఆబ్ట్యూసా. తెల్ల పువ్వు, మధ్యలో చిన్న పసుపు చుక్క, వాసన అద్భుతంగా ఉంటుంది. మన వాతావరణంలో ఇది ఆకు పూర్తిగా రాల్చదు, కాబట్టి ఇంటి ముందు ఏడాదంతా పచ్చగా కనబడాలనుకునేవాళ్ళు దీన్నే ఇష్టపడతారు. కానీ దీని కొమ్మకి వేళ్ళు రావడం ఆలస్యం, కుళ్ళడం తొందర. నా సలహా, దీన్ని మాత్రం వేళ్ళతో ఉన్న మొక్కగానే కొనండి.

మూడోది ప్యుడికా. ఆకు నాగపడగ ఆకారంలో ఉంటుంది, ఎక్కడున్నా ఇట్టే తెలిసిపోతుంది. నిలువుగా పెరుగుతుంది, తక్కువ చోటు తీసుకుంటుంది, తెల్ల గుత్తులు దాదాపు ఏడాది పొడుగునా ఉంటాయి. వాసన మాత్రం ఉండదు. ప్రహరీ వెంట వరసగా వేయడానికి ఇంతకన్నా మంచిది లేదు, సువాసన కోసం వెతికేవాళ్ళు మాత్రం తెలిసే తీసుకోవాలి.

మామూలు గన్నేరు, పచ్చ గన్నేరు ఇదే కుటుంబంలోవి గానీ వేరే మొక్కలు. ఆ రెండూ ప్రాణం తీసేంత విషం. దేవగన్నేరు అంత ప్రమాదం కాదు, అయినా దీని పాలు చర్మానికి మంట పుట్టిస్తాయి, కంట్లో పడితే చాలా ఇబ్బంది. చిన్నపిల్లలున్న ఇళ్ళల్లో కొమ్మ కోసేటప్పుడు వాళ్ళని దూరంగా ఉంచండి.

కొమ్మ కోయడం

ఫిబ్రవరిలో, చెట్టుకి ఆకుల్లేని సమయంలో, కొత్త చిగురు పొటమరించే ముందు కోయడం అన్నిటికంటే మంచిది. తెలిసినవాళ్ళ ఇంట్లో మీకు నచ్చిన రంగు చెట్టుంటే అడగండి, ఎవరూ కాదనరు. పువ్వు రంగు ముందు ఏడాదే చూసిపెట్టుకోండి, ఫిబ్రవరిలో చూస్తే అన్ని చెట్లూ ఒకేలా ఉంటాయి.

ఎలాంటి కొమ్మ కోయాలంటే, అడుగు నుంచి అడుగున్నర పొడవు, బొటనవేలి కన్నా కాస్త లావు, తోలు పచ్చదనం పోయి బూడిద రంగుకి వచ్చి ఉండాలి. పచ్చగా మెత్తగా ఉన్న లేత కొస త్వరగా కుళ్ళుతుంది. మరీ ముదిరిన లావు దుంగ కూడా బతుకుతుంది కానీ ఎక్కువ కాలం ఆరబెట్టాలి, అది కాస్త అలవాటైన తర్వాత చేసుకోవచ్చు. కొస మొగ్గ నల్లబడకుండా గట్టిగా ఉందో లేదో వేళ్ళతో నొక్కి చూడండి.

కత్తిరిని డెటాల్‌తోనో స్పిరిట్‌తోనో తుడిచి, ఒక్క దెబ్బకి నున్నగా తెగేలా కోయాలి. చీలికలు పడ్డ కోతలో కుళ్ళు తొందరగా చేరుతుంది. చేతికి గ్లౌజులు వేసుకోండి, నిచ్చెన ఎక్కి తల పైన కొమ్మ కోస్తుంటే కళ్ళజోడు తప్పనిసరి, పాలు సరిగ్గా ముఖం మీదే కారతాయి. చేతికి అంటుకుంటే కొబ్బరినూనె రాసి తుడిచి సబ్బుతో కడుక్కోండి. కొమ్మకి ఏవైనా ఆకులుంటే కాడ కొద్దిగా ఉంచి కత్తిరించేయండి, ఆ కాడ ముక్కలు వాటంతటవే రాలతాయి. పీకితే తోలు లేచి పుండు పడుతుంది.

రెండు మూడు రంగులు కోస్తే ఒక్కోదానికి గుర్తు కట్టండి. మార్కర్‌తో కొమ్మ మీదే రాసేయొచ్చు. ఏ కొస పైదో కూడా గుర్తుంచుకోవాలి, మధ్య ముక్కలు కోసినప్పుడు తలకిందులుగా నాటేవాళ్ళున్నారు. ఆకు రాలిన మచ్చ పైభాగాన మొగ్గ ఉంటుంది, అది పైకి ఉండాలి.

ఆరబెట్టడం, అన్నిటికన్నా ముఖ్యమైన పని

గులాబీ, మందారం కొమ్మలు కోసిన వెంటనే మట్టిలో పెడతాం. దేవగన్నేరుకి అది పనికిరాదు. కోసిన చోట పాలు ఆరి, గట్టి పొర కట్టేదాకా మట్టి తగలకూడదు. ఆ పచ్చి కోత తడి మట్టిలోకి వెళ్తే తెగులు శిలీంధ్రం నేరుగా మెత్తటి బెండులోకి దూరుతుంది, పది రోజుల్లో లోపలంతా నల్లటి గుజ్జయిపోతుంది.

గాలాడే నీడలో, వసారాలోనో మెట్ల కిందో, పేపరు పరిచి పడుకోబెట్టండి. ప్లాస్టిక్ సంచిలో చుట్టకండి, నేరుగా ఎండలో పెట్టకండి. మార్కాపురం, కనిగిరి లాంటి పొడి ప్రాంతాల్లో ఏడెనిమిది రోజులు చాలు. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు తేమ ఉన్న ఊళ్ళలో రెండు వారాలు ఆగండి. కోసిన భాగం లేత గోధుమ రంగుకి తిరిగి, గోటితో నొక్కితే చెక్కలా తగిలితే సిద్ధమైనట్టు. ఈలోపు కొమ్మ తోలు కొద్దిగా ముడతలు పడుతుంది, దానికి టెన్షన్ పడనక్కర్లేదు, వేళ్ళొచ్చాక మళ్ళీ నిండుగా అవుతుంది. చాలామంది ఆ ముడతలు చూసి భయపడి బకెట్ నీళ్ళల్లో నిలబెడతారు, అలా చేస్తే ఆరబెట్టిందంతా వృథా.

వేళ్ళు రావడానికి హార్మోన్ పొడి ఉంటే అద్దండి, లేకపోయినా ఏమీ పర్వాలేదు. దాని కన్నా సాఫ్ లాంటి శిలీంధ్ర నాశిని పొడి కోసిన చోట పల్చగా అద్దడం వల్ల లాభం ఎక్కువ.

మట్టి కలుపుకోవడం

వేళ్ళు పట్టించే మట్టిలో ఎరువు వద్దు. పేడ ఎరువు, కంపోస్టు తేమని పట్టి ఉంచుతాయి, ఈ దశలో మనకి అది వద్దు.

ముతక ఇసుక రెండు పాళ్ళు, ఎర్రమట్టి ఒక పాలు, మాడిన ఊక ఒక పాలు కలపండి. ఇసుక పెన్నా ఇసుకలా గరుగ్గా ఉండాలి. సముద్రపు ఒడ్డు ఇసుక తేవద్దు, సన్నగా ఉంటుంది, ఉప్పు ఉంటుంది. రోబో శాండ్ వాడాల్సి వస్తే జల్లెడ పట్టి దుమ్ము కడిగేయండి, ఆ దుమ్ము నీళ్ళతో కలిసి అడుగున సిమెంటులా పేరుకుంటుంది. ఊక విషయంలో ఒక జాగ్రత్త: నెల్లూరు చుట్టూ రైస్ మిల్లులు ఉన్నాయి కాబట్టి తేలిగ్గా దొరుకుతుంది గానీ, నల్లగా మాడి ఇంకా గింజ పొట్టు ఆకారం నిలిచి ఉన్నదే తీసుకోండి. పూర్తిగా కాలిన తెల్ల బూడిద క్షారగుణం ఎక్కువ, మట్టిని బిగిసిపోయేలా చేస్తుంది.

చీమకుర్తి చుట్టుపక్కల వాళ్ళకి గ్రానైటు ముక్కలు సులువుగా దొరుకుతాయి. చిన్న చిప్స్ ఇసుకలో కలుపుకుంటే నీళ్ళు చక్కగా దిగుతాయి. పాలిషింగ్ యూనిట్ల నుంచి వచ్చే మెత్తటి స్లర్రీ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మొక్కల దగ్గరికి తేవద్దు.

మొదట ఆరు నుంచి ఎనిమిది అంగుళాల కుండీ చాలు. పెద్ద కుండీలో మట్టి ఎక్కువ, అది ఆరడానికి ఎక్కువ కాలం పడుతుంది. అడుగున కనీసం నాలుగు చిల్లులు ఉండాలి. కుండీ కింద రెండు ఇటుక ముక్కలు పెట్టి ఎత్తితే చిల్లులు మూసుకుపోవు.

నాటడం, ఆ తర్వాత రెండు నెలలు

కొమ్మని మూడు నాలుగు అంగుళాల లోతు పెట్టి, చుట్టూ మట్టి గట్టిగా అదిమి, పక్కన ఒక కర్ర పాతి గుడ్డపీలికతో కట్టండి. కదిలే కొమ్మకి లేత వేళ్ళు తెగిపోతుంటాయి, మన పడమటి గాలికి కర్ర లేకుండా నిలబెట్టడం కష్టం.

నాటిన రోజు ఒక్కసారి చిల్లుల్లోంచి కారేదాకా నీళ్ళు పోయండి. తర్వాత ఆగండి. వారం, పది రోజులకోసారి వేలు రెండు అంగుళాలు దింపి చూసి, పొడిగా ఉంటేనే ఒక గ్లాసుడు పోయండి. రోజూ కాసిని నీళ్ళు చల్లే అలవాటు ఇంట్లో పెద్దవాళ్ళకి ఉంటుంది, ప్రేమతోనే చేస్తారు, కుండీకి ఒక చీటీ అంటించి అయినా ఆపండి.

మార్చిలో పొద్దుటి ఎండ పూర్తిగా తగలాలి, మధ్యాహ్నం రెండు దాటాక నీడ వస్తే మంచిది. ఏప్రిల్ చివరి నుంచి రోహిణి కార్తె అయ్యేదాకా డాబా మీద పెట్టినవాళ్ళు గ్రీన్ నెట్ కిందికి జరపాలి. నల్ల ప్లాస్టిక్ కుండీ పక్కలు కాలి వేళ్ళు ఉడికిపోతాయి కాబట్టి కుండీ చుట్టూ గోనెపట్టా చుట్టండి. కొమ్మకి పడమటి వైపు పల్చటి సున్నం పూస్తే తోలు మాడదు.

మూడు నాలుగు వారాలకి కొసన ఆకులు విచ్చుకుంటాయి. అవి వేళ్ళొచ్చినట్టు గుర్తు కాదు. కొమ్మలో దాచుకున్న శక్తితోనే మొదటి ఆకులు, ఒక్కోసారి పూల గుత్తి కూడా వస్తాయి. గుత్తి వస్తే మనసు రాకపోయినా తుంచేయండి, వేళ్ళకి పోవాల్సిన బలం అంతా పువ్వుకి పోతుంది. ఆకులు అరచెయ్యి దాటి పెరిగి, అలాగే నిలబడి, కొమ్మని మెల్లగా లాగితే పట్టు తెలిస్తే అప్పుడు వేళ్ళు వచ్చినట్టు. రుబ్రాకి ఆరు నుంచి ఎనిమిది వారాలు మామూలే, ఆబ్ట్యూసాకి ఇంకా పడుతుంది. అక్కడి నుంచి నీళ్ళు పెంచొచ్చు.

మధ్యలో కొమ్మ మొదలు మెత్తబడితే పారేయకండి. పీకి, లోపల పూర్తిగా తెల్లగా ఉండి పాలు కారే చోటు దాకా పైకి కోసుకుంటూ రండి. గోధుమ రంగు చుక్క ఒక్కటి కనబడినా ఇంకో అంగుళం పైకి కోయాలి, ప్రతి కోతకీ కత్తి తుడవాలి. ఆరు అంగుళాల ఆరోగ్యమైన ముక్క మిగిలినా మళ్ళీ ఆరబెట్టి కొత్త మట్టిలో నాటొచ్చు.

నేలలోకి మార్చడం

ఇక్కడ మీ నేలని బట్టి నిర్ణయం మారుతుంది. తీరం వెంబడి ఇసుక నేలలు, ఎర్ర చల్క నేలలు ఉన్నవాళ్ళు జులైలో నేలలో పెట్టేయొచ్చు, వానలకి ముందు మూడు నెలల గడువు దొరుకుతుంది. నల్లరేగడి ఉన్నవాళ్ళు తొందరపడొద్దు. మొదటి వానాకాలం కుండీలోనే, వాన తగలని చోట గడిపించి, ఫిబ్రవరిలో నాటండి.

చోటు ఎంచుకునేటప్పుడు మూడు చూడండి. రోజుకి ఆరు గంటలకి తగ్గకుండా నేరు ఎండ ఉండాలి, ఇది లేకపోతే మిగతావన్నీ సరిగ్గా చేసినా పూలు రావు. డాబా నీళ్ళు దిగే గొట్టం, బోరు దగ్గర బట్టలుతికే చోటు పక్కన వద్దు. గోడ నుంచి ఏడెనిమిది అడుగులు వదలండి, వేళ్ళు పునాదులకి హాని చేసేవి కావు గానీ రుబ్రా చెట్టు ఇరవై అడుగుల పైకి పెరిగి అంతే వెడల్పుగా పరుచుకుంటుంది, పైన కరెంటు తీగలుంటే ఆలోచించుకోండి.

రెండడుగుల గుంత తీసి, తీసిన మట్టికి సగం ముతక ఇసుక, ఒక తట్ట మాగిన పశువుల ఎరువు, రెండు గుప్పిళ్ళు వేపపిండి కలిపి నింపండి. రేగడిలో గుంత తవ్వి ఇసుక నింపితే అది వానకి బావిలా నీళ్ళు పట్టి నిలబెడుతుంది. రేగడి వాళ్ళు గుంత కన్నా మట్టి దిబ్బ పోసుకోవడం మంచిది: అడుగు, అడుగున్నర ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, అంచుల్లో రాళ్ళు పేర్చి, దాని మీద నాటాలి. మామూలు చెట్లకి పాదు తీస్తాం, దీనికి మొదట్లో మట్టి కాస్త ఎత్తుగా ఉండి నీళ్ళు బయటికి జారాలి.

వేళ్ళు పెళుసుగా ఉంటాయి, కుండీ నుంచి తీసేటప్పుడు మట్టి ముద్ద విడిపోకుండా చూడండి.

బోరు నీళ్ళు ఉప్పగా ఉండే ఊళ్ళు మనకి చాలా ఉన్నాయి. దేవగన్నేరు ఉప్పు గాలిని, కాస్త ఉప్పటి నీళ్ళని తట్టుకుంటుంది, సముద్రం పక్క ఇళ్ళకి ఇది బాగా నప్పడానికి కారణం అదే. అలాగని వాటర్ ప్లాంట్ల నుంచి వదిలేసే నీళ్ళు పోయకండి, అందులో లవణాలు మరీ ఎక్కువ. ఉప్పు నీళ్ళే దిక్కయితే రోజూ కాసిని పోయడం కన్నా వారానికోసారి నిండుగా పోస్తే ఉప్పు కిందికి దిగిపోతుంది.

ఎరువు ఎప్పుడు, ఎంత

చిగురు మొదలైన మార్చి నుంచి సెప్టెంబరు దాకే. అక్టోబరు నుంచి ఏమీ వేయకండి, చలికాలానికి ముందు పుట్టిన లేత చిగురు నల్లబడి పోతుంది.

నేలలోని చెట్టుకి రెండో ఏడాది నుంచి మార్చిలో రెండు తట్టల పశువుల ఎరువు, అర కిలో వేపపిండి చాలు. కుండీ మొక్కకి నెలకోసారి రెండు గుప్పిళ్ళ వర్మికంపోస్టు, దానికి తోడు 17-17-17 కాంప్లెక్స్ ఎరువు ఒక టీస్పూను మట్టి తడిగా ఉన్నప్పుడు అంచు వెంట చల్లండి. యూరియా జోలికి పోవద్దు. ఆకులు చేటలంత అవుతాయి, కొమ్మలు మెత్తగా పొడుగ్గా సాగుతాయి, పువ్వు ఉండదు.

ప్రకాశం జిల్లాలో సున్నపు నేలలున్నచోట్ల కొత్త ఆకులు పసుపుపచ్చగా వచ్చి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటాయి. అది ఇనుము లోపం. లీటరు నీళ్ళకి ఐదు గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండు మూడు సార్లు సాయంత్రం పూట పిచికారీ చేయండి.

కత్తిరింపు: పూలు ఎక్కడ పూస్తాయో తెలిస్తే చాలు

దేవగన్నేరు పూల గుత్తి కొమ్మ చివరే వస్తుంది. గుత్తి వచ్చాక ఆ కొమ్మ అక్కడితో ఆగి, దాని కింద రెండు మూడు పిలకలుగా చీలుతుంది. ఆ పిలకలు పెరిగి ముదిరి వాటి కొసల్లో మళ్ళీ గుత్తులు. అంటే ఎన్ని కొసలుంటే అన్ని గుత్తులు. మనం కొస కత్తిరిస్తే ఆ ఏడాది ఆ కొమ్మ పూయదు, కానీ ఆ చోట రెండు మూడు కొసలు పుట్టి తర్వాతి ఏడాది నుంచి పూస్తాయి.

దీన్నిబట్టి చేయాల్సింది తేలిపోతుంది. చిన్న మొక్క ఒకే కర్రలా పైకి పోతుంటే ఒకసారి రెండున్నర, మూడడుగుల ఎత్తులో ఫిబ్రవరిలో కోసేయండి, గుబురు కడుతుంది. పెద్ద చెట్టుని ఏటా క్రాపు చేసినట్టు మొత్తం కొట్టకండి, అలా కొట్టిన చెట్టు ఎప్పటికీ పూయదు. మూడో వంతు కొమ్మలు ఈ ఏడాది, మూడో వంతు వచ్చే ఏడాది. కోసిన ముక్కలన్నీ మళ్ళీ నాటుకోవడానికి పనికొస్తాయి, ఇరుగుపొరుగుకి పంచండి.

కోసిన చోట పాలు ఆరాక కాపర్ ఆక్సీ క్లోరైడ్ ముద్దలా కలిపి పూయండి.

అక్టోబరు నుంచి జనవరి దాకా

వాతావరణ శాఖ అల్పపీడనం అని చెప్పగానే చేయాల్సినవి: కుండీలు వసారాలోకి, లేదంటే కనీసం ఒక పక్కకి పడుకోబెట్టడం. కుండీ కింద పళ్ళేలు తీసేయడం. నేలలో ఉన్నవాటి చుట్టూ నీళ్ళు బయటికి పోయేలా చిన్న కాలవ. 2015 నవంబరు, 2021 నవంబరు వానలు చూసినవాళ్ళకి నీళ్ళు ఎంత సేపు నిలుస్తాయో చెప్పనక్కర్లేదు. దేవగన్నేరుకి ఒకట్రెండు రోజులు నిలిచినా తట్టుకుంటుంది, వారం నిలిస్తే కష్టం.

కొమ్మలు పెళుసు కాబట్టి ఈదురుగాలికి విరుగుతాయి. విరిగినచోట చీలిక లేకుండా నున్నగా కోసి మందు పూయండి. విరిగిన కొమ్మని నవంబరులో నాటకండి. ఆరబెట్టి, వాన తగలని చోట తాడుతో వేలాడదీయండి, రెండు నెలలకి పైగా అలాగే ప్రాణంతో ఉంటుంది, ఫిబ్రవరి చివర్లో నాటుకోవచ్చు.

ఆకు రాలడం మొదలయ్యాక నీళ్ళు తగ్గిస్తూ, పూర్తిగా రాలాక రుబ్రాకి ఆపేయండి. ఆబ్ట్యూసా, ప్యుడికాలకి ఆకులుంటాయి కాబట్టి రెండు వారాలకోసారి కొద్దిగా.

తెగుళ్ళు, పురుగులు

ఆకు అడుగున నారింజ రంగు పొడి, పైన పసుపు చుక్కలు కనబడితే తుప్పు తెగులు. వానాకాలం తేమలో వస్తుంది. చెట్టుని చంపదు, ఆకులు ముందే రాలుతాయి. రాలిన ఆకులు ఊడ్చి కాల్చేయాలి, చెట్టు కింద వదిలితే మళ్ళీ అంటుకుంటుంది. మరీ ఎక్కువైతే లీటరుకి రెండున్నర గ్రాముల మాంకోజెబ్ ఆకు అడుగున తడిసేలా కొట్టండి. డిసెంబరులో కనబడితే మందు దండగ, ఎలాగూ ఆకు రాలే కాలమే.

పిండినల్లి ఎండాకాలం శత్రువు. కొసల్లో, ఆకు అడుగున తెల్లటి దూదిలా పేరుకుంటుంది. పక్కన బొప్పాయి ఉంటే అక్కడి నుంచే వస్తుంటుంది, బొప్పాయి పిండినల్లికి దేవగన్నేరూ ఇష్టమే. దేశంలో అది 2008లో మొదట కనబడి బొప్పాయి, మల్బరీ తోటల్ని నాశనం చేస్తుంటే, 2010లో ప్యూర్టో రికో నుంచి అసెరోఫాగస్ అనే చిన్న పరాన్నజీవి కందిరీగని తెప్పించి వదిలారు, దాంతో అదుపులోకి వచ్చింది. ఆ కందిరీగలు మన చుట్టూ ఉన్నాయనే ఆలోచనతోనే మందు ఎంచుకోవాలి. గట్టి పురుగుమందు కొడితే పిండినల్లి తెల్ల పొర కింద దాక్కుంటుంది, కందిరీగలు చచ్చిపోతాయి. ముందు పైపుతో గట్టిగా నీళ్ళు కొట్టి కడిగేయండి, తర్వాత లీటరు నీళ్ళకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం కొట్టండి, వారం తర్వాత మళ్ళీ. చీమల బారులు ఆపడం కూడా అంతే ముఖ్యం, పిండినల్లిని కాపాడేవీ ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకి మోసేవీ అవే.

ఆకు అడుగున తెల్లటి మైనం సుడులు సుడులుగా ఉంటే సర్పిలాకార తెల్లదోమ. కొబ్బరి చెట్లున్న ఇళ్ళల్లో ఎక్కువ. దీనికీ నీళ్ళ పైపు, వేపనూనె చాలు.

చలికాలం చివర కొసలు నల్లగా ఎండితే, తెల్లటి ఆరోగ్యమైన భాగం దాకా కోసేయడం ఒక్కటే మందు.

పూయకపోతే

నాలుగు అడగండి. ఎండ ఆరు గంటలు ఉందా? నత్రజని ఎక్కువ వేశారా? కిందటి ఏడాది కొమ్మలు కొట్టారా? గింజ నుంచి మొలిచిన మొక్కా? కొమ్మ నుంచి వచ్చింది ఒకటి రెండేళ్ళలో పూస్తుంది. గింజ మొక్కకి మూడేళ్ళు, అంతకన్నా ఎక్కువ కూడా పట్టొచ్చు, పైగా తల్లి రంగు వస్తుందన్న నమ్మకం లేదు.

పూలు సాయంత్రం నుంచి రాత్రి పొద్దుపోయేదాకా ఎక్కువ వాసన వేస్తాయి. రాత్రి తిరిగే పెద్ద రెక్కల పురుగుల్ని పిలవడానికి ఆ వాసన, వచ్చినవాటికి ఇవ్వడానికి పువ్వులో తేనె మాత్రం ఉండదు. పడకగది కిటికీ పక్కనో, సాయంత్రం కుర్చీలేసుకుని కూర్చునే వాకిట్లోనో నాటితే వేసవి రాత్రులు దాని విలువ తెలుస్తుంది.

అంటు, గింజ

ఒకే చెట్టుకి రెండు మూడు రంగులు కావాలంటే అంటు కట్టుకోవచ్చు. మార్చి, ఏప్రిల్ నెలల్లో, ఒకే లావున్న రెండు కొమ్మలు తీసుకుని, కింది మొక్కని మధ్యలో అంగుళంన్నర లోతు చీల్చి, పై కొమ్మ మొదలుని రెండు పక్కలా చెక్కి మేకులా చేసి దింపాలి. రెండిటి తోలు కింద పచ్చ పొర ఒకదానికొకటి కనీసం ఒక పక్కన కలవాలి. కారిన పాలు శుభ్రమైన గుడ్డతో అద్ది, గ్రాఫ్టింగ్ టేపుతో బిగించి, పైన చిన్న పాలిథిన్ కవరు తొడిగి నీడలో పెట్టండి. నెల రోజుల్లో కొస చిగురిస్తే కవరు తీసి మెల్లగా ఎండకి అలవాటు చేయాలి. అంటు కింద కింది మొక్క నుంచి వచ్చే పిలకల్ని వచ్చినవి వచ్చినట్టే గిల్లేయండి, లేకపోతే అవే పెరిగి అంటుని మింగేస్తాయి.

గింజల కాయలు మన దగ్గర అరుదు. కాస్తే జంట కొమ్ముల్లా ఉంటాయి, ముదరడానికి ఎనిమిది, తొమ్మిది నెలలు పడుతుంది. కాయ గోధుమ రంగుకి తిరిగాక పలుచటి గుడ్డ కట్టి ఉంచండి, పగిలితే రెక్కలున్న గింజలు గాలికి పోతాయి. రెక్క భాగం పైకి ఉండేలా సగం మట్టిలో గుచ్చితే రెండు వారాల్లోపే మొలుస్తాయి, అవి కూడా మార్చిలోనే వేసుకోండి.